సిన్సియర్ బండలు

ఉద్యోగి రిటైరయ్యే రోజున సభలో మాట్లాడేవాళ్లకు ఒక మాట తప్పనిసరి. ఎవరు ఎంతసేపు మాట్లాడినా చివరికి 'ఆయన చాలా సిన్సియర్ అండీ' అని చెప్పి కూర్చుంటారు. నా సభలో కూడా అదే జరిగింది. నేను పాఠం చెబుతుండగా ఒక్కరోజు కూడా చూడనివాడు చెప్పాడు. రోజూ ఆలస్యంగా వచ్చి నాచేత చీవాట్లు తిన్నవాడు చెప్పాడు. నేను మెడలో దండతో, నవ్వు ఆపుకోలేక తల దించుకుని కూర్చుంటే, వినయం అనుకుని చప్పట్లు కొట్టారు.

ఆ మాట చెవిన పడితే నాకు తాడిపత్రి గుర్తొస్తుంది. నల్లబండలు గుర్తొస్తాయి. ఒక పెద్దమనిషి గుర్తొస్తారు. ఈమధ్య కొత్తగా ఉద్యోగాల్లో చేరిన టీచర్లు, నా మనవల వయసు పిల్లలు, మా ఇంటికొస్తూ 'మీ కాలంలో ఎట్లా ఉండేది సార్' అని అడుగుతుంటారు. మా కాలం మీ కాలం కంటే గొప్పదేమీ కాదు. అయినా అడిగారు కాబట్టి ఈ ఒక్క సంగతి చెబుతాను.

నేను తాడిపత్రిలో ఇంగ్లీషు టీచరుగా చేరింది పందొమ్మిది వందల యాభైల చివర్లో. మాది కుందుర్పి వైపు మెట్ట పల్లె. మా నాయన ఏటా ఆకాశం వంక చూసి వేరుశనగ వేసేవాడు, ఏటా ఆకాశాన్ని తిట్టుకుంటూ పీకేవాడు. ఉద్యోగం వచ్చిందని చెబితే ఆయన అడిగిన మొదటి మాట, "ఆడ వానలు పడతాయా?" అని. పడవన్నాను. "మరి ఆ జనాలు ఏం తిని బతుకుతాండారప్పా?" అన్నాడు. బండలు తిని బతుకుతున్నారని వెళ్లాక తెలిసింది. వాన పడినా పడకపోయినా అక్కడ భూమిలోంచి నల్లబండ వస్తుంది. దాన్ని పలకలుగా చీల్చి, సానపట్టి, లారీలకూ రైలుకూ ఎత్తి దేశం మీదికి పంపుతారు. ఇంటి గడప బండ, అరుగు బండ, పైకప్పు బండ, బట్టలుతికేది బండ. మార్చి వచ్చిందంటే ఆ బండలన్నీ పగలంతా ఎండ తాగి సాయంత్రానికి మన మీద వదిలేవి. పెన్నలో నీళ్లు ఎప్పుడో వచ్చి ఒక్కపూట ఉండి పోయే చుట్టాల్లాంటివి.

మా బడి ఊరి పెద్దలు కమిటీ పెట్టి నడిపే బడి. ఆ కమిటీ ప్రెసిడెంటుకు బండలు సానపట్టే ఫ్యాక్టరీ ఉంది, పొలాలున్నాయి, లారీలున్నాయి, వాటన్నిటికీ సరిపడా రాజకీయాలూ ఉన్నాయి. మాట కటువు, మనిషి చెడ్డవాడని మాత్రం అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. నేను చేరడానికి కొంచెం ముందే బడి ముందర పొడవాటి వరండా కట్టించి, తన ఫ్యాక్టరీ బండలే దానంగా ఇచ్చి పరిపించాడు. మెట్ల పక్కన దాత పేరు చెక్కిన పెద్ద బండ ఒకటి నిలబెట్టారు. ఆ వరండా ఎంత నున్నగా ఉండేదంటే, పిల్లలు పరుగెత్తుకొచ్చి ఈ చివరి నుంచి ఆ చివరికి జారేవారు. డ్రిల్లు మాస్టరు వాళ్ల వీపులు వాయించేవాడు. ఎవరూ లేనప్పుడు ఆయన కూడా ఒకసారి జారడం నేను చూశాను.

ఇంగ్లీషుకు మేమిద్దరం. ఆయన పెద్దయ్యవారు, నేను చిన్నయ్యవారు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఒకప్పుడు నల్లదైన కోటులో ఉండేవారు. సర్వీసంతా ఆ ఊళ్లోనే గడిపారు. ఆయనకొక అలవాటు. రోజూ క్లాసులోకి రాగానే నల్లబల్ల మీద కుడివైపు పైమూల ఒక గడి గీసి, అందులో ఒక ఇంగ్లీషు మాట రాసేవారు. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎన్ని దేశాలు తిరిగింది, మొదట ఏం అర్థం ఉండేది, ఇప్పుడేమైంది, అంతా కథలా చెప్పేవారు. మర్నాటిదాకా ఆ గడిని ఎవరూ తుడవకూడదు. "మాటలకు కూడా పుట్టిల్లూ అత్తిల్లూ ఉంటాయప్పా. పుట్టింట్లో ఒక మాదిరి ఉంటాయి, అత్తింట్లో ఒక మాదిరి" అనేవారు. బండలు కొట్టేవాళ్ల పిల్లలకు ఇంగ్లీషంటే ప్రేమ పుట్టడానికి కారణమేదీ లేదు. అయినా ఆ గడిలో మాట కోసం బడి మానకుండా వచ్చేవారు. నాకు క్లాసు లేనప్పుడు నేనూ తలుపు పక్కన నిలబడి వినేవాణ్ని. కాలేజీలో నేను నేర్చుకున్న ఇంగ్లీషు అంతా పొట్టు, గింజ ఇక్కడుందని అనిపించేది.

అప్పటికే ఆయనకు వయసు నిండింది. కమిటీ ఏటికేడు పొడిగిస్తేనే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. పిల్లలు లేరు. ఆయన భార్యకు చూపు పోయి చాలా కాలమైంది. ఆ అద్దె ఇల్లు, ఆ వీధి ఆమె చేతికి తెలుసు. గోడ పట్టుకుని బావి దగ్గరికి పోయి వచ్చేది, పొయ్యి ముట్టించేది, ఎవరు తలుపు తట్టినా అడుగుల చప్పుడును బట్టి పేరు పెట్టి పిలిచేది. ఉద్యోగం పోతే విడపనకల్లు దగ్గర ఉన్న తమ్ముడి ఇంటికి చేరడం తప్ప ఆయనకు వేరే దారి లేదు. "నాకేం, యాడైనా ఉంటా. ఆమె కొత్త ఇంట్లో మళ్లీ గోడలు నేర్చుకోవాల" అని ఒకసారి నాతో అన్నారు. ఆ సంవత్సరం పొడిగింపు కాగితం మార్చి ఆఖరున కమిటీ ముందుకు రావాలి.

ఫిబ్రవరిలో పెద్దయ్యవారు ఎస్సెల్సీ పిల్లలకు, అంటే బడిలో ఆఖరి తరగతివాళ్లకు, లేఖలు రాయడం నేర్పిస్తున్నారు. కింద 'యువర్స్ సిన్సియర్లీ' అని ఎందుకు రాయాలని ఒక ఆడపిల్ల అడిగింది. ఆరోజు గడిలోకి ఆ మాటే ఎక్కింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను. పూర్వం రోము నగరంలో పాలరాతి వ్యాపారులు రాతిలో పగులు కనబడితే మైనం నింపి, నున్నగా రుద్ది, మంచి రాయని చెప్పి అమ్మేవారట. కొన్నవాడు ఇంటికి తీసుకుపోయి ఎండలో పెడితే మైనం కరిగి గుట్టు బయటపడేదట. అందుకని నిజాయితీగల వ్యాపారులు తమ రాళ్ల మీద 'మైనం లేదు' అని రాసుకునేవారట. లాటిన్‌లో 'సినె' అంటే లేకుండా, 'సేరా' అంటే మైనం. అదే సిన్సియర్ అయింది. "కాబట్టి లేఖ కింద ఆ మాట రాసేటప్పుడు, నా మనసులో పగులూ లేదు, మైనమూ లేదు అని చెప్తాండామన్నమాట" అని ముగించారు.

పిల్లలు ఆ మాటనూ కథనూ పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. తర్వాత వెనక బెంచీలోంచి, "సార్, ఆ రోము మన తాడిపత్రి మాదిరే ఉండాదే!" అని ఒక గొంతు లేచింది. క్లాసంతా ఘొల్లుమంది.

ఎందుకు నవ్వారో నాకు తర్వాత తెలిసింది. బండలో చీలిక కనబడితే లక్క కరిగించి, అందులో బండపొడి కలిపి చీలికలో పోస్తారు. ఆరాక పైన సానపడితే కన్నుకు ఆనదు. చీలిక ఉందని చెప్పి తగ్గించి అమ్మేవారున్నారు, చెప్పకుండా అమ్మేవారూ ఉన్నారు. ఇది ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మసలే నీళ్లు పోస్తే లక్క మెత్తబడుతుంది, గోటితో గీరితే లేచి వస్తుంది. ఇదీ అందరికీ తెలుసు. పాఠం విన్న ఎస్సెల్సీ పిల్లలకు ఆ వారం సెలవురోజున చేయడానికి వేరే పనేమీ లేకపోయింది.

చెంబుల్లో వేడినీళ్లు, చేతుల్లో బడి సుద్దముక్కలు పట్టుకుని ఊరి మీద పడ్డారు. ఏ అరుగు కనబడితే ఆ అరుగు మీద, ఏ గడప కనబడితే ఆ గడప మీద నీళ్లు పోయడం, గోటితో గీరడం. తట్టుకున్న బండ మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో సిన్సియర్ అని రాయడం, తట్టుకోనిదాన్ని ఖాళీగా వదిలేయడం. కొందరు స్పెల్లింగు తప్పు రాశారు, అది వేరే సంగతి. పోలీసు స్టేషను మెట్ల మీద నీళ్లు పోసే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. సాయంత్రానికి ఊళ్లో ఇల్లాళ్లు తమ గడపలు చూసుకుని, "మా బండకెందుకు రాయలేదు?" అని పక్కింటివాళ్లతో తగాదాలు పెట్టుకున్నారు. ఇంగ్లీషు ముక్క రానివాళ్లు కూడా ఆ మాట పలకడం మొదలుపెట్టారు. బళ్లారి నుంచి బండలు కొనడానికి వచ్చిన ఒక వ్యాపారి ఈ వింతంతా చూసి, ప్రెసిడెంటు ఫ్యాక్టరీలో సరుకు ఎత్తుకోబోయేముందు, "ఒక కడవెడు నీళ్లు కాచండప్పా" అన్నాడట.

మర్నాడు బడికొచ్చేసరికి మా వరండా మీద కూడా పరీక్ష అయిపోయి ఉంది. అక్కడక్కడ మాత్రమే సుద్దరాతలు. మిగతా బండల్లో సన్నటి గీతలుగా లక్క ఉబ్బి పైకి తేలింది. దాత పేరు చెక్కిన బండ కూడా ఖాళీగానే ఉంది. హెడ్మాస్టరు మెతకమనిషి. భుజం మీది కండువాతో ఆయనే ఆ సుద్దరాతలు తుడవడానికి వంగితే, ఉన్న మంచి బండలు కూడా చెడ్డవాటితో కలిసిపోతాయని పెద్దయ్యవారు చెయ్యి పట్టుకుని ఆపారు.

మధ్యాహ్నానికి ప్రెసిడెంటు వచ్చాడు. స్టాఫు రూములో మేమందరం లేచి నిలబడ్డాం.

"ఏమప్పా హెడ్మాస్టరూ, ఈడ పిల్లోల్లకు ఇంగ్లీషు చెప్తాండారా, బండల యాపారం చెప్తాండారా?" అన్నాడు. ప్రెసిడెంటు పెద్దయ్యవారి వైపు తిరిగాడు. "అయ్యవారూ, మీ మీద నాకు కోపం ల్యా. కానీ ఆ కథ తప్పు అని మీ నోటితోనే పిల్లోల్లకు చెప్పాల. శుక్రవారం ప్రేయర్‌లో చెప్పండి. నేనూ వస్తా."

"పుస్తకంలో చదివిందే చెప్పినాను. నిజాన్ని తప్పు అని చెప్పేకి నాకు నోరు రాదు" అన్నారు పెద్దయ్యవారు.

"అట్లయితే మీ పొడిగింపు మీద సంతకం పెట్టేకి నాకూ చెయ్యి రాదు" అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. వరండా మీద ఆయన చెప్పుల చప్పుడు చివరిదాకా వినబడింది.

ఆ సాయంత్రం నేను పెద్దయ్యవారితో కలిసి ఆయన ఇంటికి నడిచాను. అరుగు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. బండలు పరిచే మేస్త్రి, మా ఎస్సెల్సీ పిల్లల్లో ఒకడి తండ్రి. చేతులకు బండపొడి అట్లాగే ఉంది.

"సారూ, మీరు చెప్పింది తప్పు అనేకి రాలేదు" అన్నాడు లేచి నిలబడి. "వానలు ల్యావు. పొలాలు ఎండిపోయి జనాలంతా క్వారీ మీద పడినారు. ఒక లారీ తిరిగిపోతే మా పొయ్యి ఎలగదు. అదొకటి. ఇంగొకటి ఏందంటే... లక్క పెట్టమనేది యజమాని, పెట్టేది మేము. నిన్న మావాడు కూటికాడ కూచుని, నాయనా, ఆ వరండా బండలకు లక్క నువ్వే పెట్టినావా అని అడిగినాడు సారూ. నేనేం చెప్పాల?"

పెద్దయ్యవారు మేస్త్రిని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చారు. ప్రెసిడెంటు బెదిరింపుకు చెక్కుచెదరని మనిషి, మేస్త్రి మాటకు వాడిపోయారు. నేను వచ్చేటప్పుడు వీధి మలుపుదాకా వచ్చి, "కథ చెప్పేటప్పుడు వినేవాళ్ల ఇండ్లు ఎట్లా ఉంటాయో చూసుకోవాల్సిందప్పా" అన్నారు.

ఎట్లాగైనా ఆయన్ను కాపాడుకోవాలని నాకు పట్టుదల పుట్టింది. పరీక్షల సామాను తీసుకురావడానికి అనంతపురం ఎవరో ఒకరు వెళ్లాల్సి ఉంటే నేను వెళతానన్నాను. అక్కడి కాలేజీ లైబ్రరీలో ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే పెద్ద నిఘంటువు ఉంది, ఒక అరంతా ఆక్రమించేది. అందులో మైనం కథ ఉంటుంది, దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకొచ్చి ప్రెసిడెంటు ముందు పెడతాను. అచ్చులో ఉన్నదాన్ని ఎవరు కాదంటారు? డ్రిల్లు మాస్టరుకు నా ఉద్దేశం చెబితే నవ్వాడు. "నీకేమప్పా, అట్లయినా ఇట్లయినా మంచిదే. ఆయన పోతే ఆ కుర్చీ నీదే గదా" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. కానీ అది అబద్ధం కాదు.

లైబ్రరీలో ఆ సంపుటం తీసి, మాట వెతికి, చదివాను. మళ్లీ చదివాను. మైనం కథ అందులో ఉంది, దాన్ని నమ్మడానికి ఏ ఆధారమూ లేదని చెప్పడానికే ఉంది. లాటిన్‌లో ఆ మాటకు శుభ్రమైనది, వేరేదేదీ కలవనిది అని అర్థమట. అంతా ఒకే పెరుగుదలగా, ఒకే ముక్కగా ఎదిగినదని కొందరు పండితుల ఊహ. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో మనుషులకే కాదు, కల్తీ లేని పాలకూ ద్రాక్షరసానికీ కూడా ఆ మాట వాడేవారట. పోను పోను వస్తువులను వదిలేసి మనుషులకు అంటుకుంది. రోమూ లేదు, రాళ్ల వ్యాపారులూ లేరు. ఎవరో ఎప్పుడో రెండు లాటిన్ ముక్కలు పక్కపక్కన పెట్టి అల్లిన కథ, అందంగా ఉంది కాబట్టి అందరూ చెప్పుకున్నారు.

నేను పుస్తకం మూసి అరలో పెట్టేశాను. ఆయన్ను నిలబెట్టడానికి పోయి, ఆయన కాలి కింద బండ లాగినట్టయింది. కానీ గుత్తిలో రైలు మారి, కిటికీ పక్కన కూర్చుని బీడు భూములు చూస్తుంటే మరో సంగతి తట్టింది. ప్రెసిడెంటు చెప్పమంటున్నదేమిటి? కథ తప్పని. కథ నిజంగానే తప్పు. ఇక ఆయన అబద్ధం ఆడనక్కర లేదు. శుక్రవారం లేచి, తప్పు చెప్పానని చెబితే చాలు, అది సత్యం. పొడిగింపు వస్తుంది, ఆమె గోడలు ఆమెకు ఉంటాయి. నాకు ఎంత సంతోషమైందంటే, ఎదురుగా కూర్చున్న ఎవరో రైతుకు నా దగ్గరున్న వేరుశనగలన్నీ ఇచ్చేశాను.

స్టేషను నుంచి నేరుగా పెద్దయ్యవారింటికి పోయాను. పొద్దు ఇంకా ఉంది. "చిన్నయ్యవారా? రా నాయనా" అంది ఆమె నా అడుగు వినగానే. పెద్దయ్యవారు చాప మీద కూర్చుని కాంపోజిషన్లు దిద్దుతున్నారు. నేను చెప్పింది విని, ఎర్రసిరా కలం పక్కన పెట్టారు.

"మళ్లీ చెప్పు" అన్నారు.

మళ్లీ చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. "నిఘంటువు రాసినోల్లకు తెలుసా, రోములో ఏం జరిగిందో?" అని గట్టిగా అన్నారు. కాసేపటికి ఆయనే, "ఎన్ని బ్యాచీలకు చెప్పినానో ఆ కథ" అన్నారు మెల్లగా. ఇంకాసేపటికి నవ్వు వచ్చింది. "అందంగా ఉంటే నమ్మేస్తామప్పా. నాకు తెలియని చోట నేనే లక్క పోసి సాన పట్టినాను. ఇన్నేండ్లలో వేడినీళ్లు పోసినవాడు నువ్వొక్కడివే." ఆయన నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది.

లోపలినుంచి ఆమె అంది: "తప్పని తెలిసినాక ఇంగేముండాది. పిల్లోల్లకు చెప్పేయండి."

"చెప్తాలే" అన్నారు ఆయన. నా పని అయిపోయిందనుకుని తేలికగా నడుచుకుంటూ ఇంటికి పోయాను.

శుక్రవారం ఉదయం బడి అంతా వరండా ఎదురుగా నిలబడింది. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. ప్రెసిడెంటు తెల్లటి పంచెలో హెడ్మాస్టరు పక్కన నిలబడ్డాడు. గోడ బయట, చెట్ల కింద, పనికి పోతూ ఆగిన క్వారీ జనం కూడా ఉన్నారు. మేస్త్రి ఉన్నాడు. ప్రార్థన అయ్యాక పెద్దయ్యవారు ముందుకొచ్చారు. కోటు గుండీలన్నీ పెట్టుకున్నారు.

"పిల్లలూ, సిన్సియర్ అనే మాటకు నేను చెప్పిన మైనం కథ తప్పు" అన్నారు. గొంతు చివరి వరుస దాకా వినబడింది. "అనంతపురంలో పెద్ద నిఘంటువులో మన చిన్నయ్యవారు చూసి వచ్చినాడు. రోములో రాళ్లు అమ్మేవాళ్ల సంగతి కట్టుకథ. ఆ మాటకు అసలు అర్థం, వేరే ఏదీ కలవనిది అని. నేను సరిచూసుకోకుండా చెప్పినాను. మీ పుస్తకాల్లో రాసుకున్నది కొట్టేయండి."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ప్రెసిడెంటు మొహం విప్పారింది. హెడ్మాస్టరు ఊపిరి వదిలాడు. నేనూ వదిలాను. గంట కొట్టడానికి డ్రిల్లు మాస్టరు చెయ్యి ఎత్తాడు. పెద్దయ్యవారు ఆగమన్నట్టు తన చెయ్యి ఎత్తారు.

"ఇంగొక మాట. కథ తప్పు గాబట్టి బండలు మంచివని ఎవరూ అనుకోవద్దండి. రోము నేను చూడలేదు. ఈ వరండా చూసినాను. దీంట్లో లక్క ఉండాది." ఆయన వెనక్కి తిరగలేదు, ఎవరి వైపూ వేలు చూపించలేదు. "ఆ లక్క పెట్టిన చేతులను మీరు తప్పు పట్టొద్దండి. పెట్టనంటే ఆ చేతులకు కూలి ల్యా. ఇంటికి పోయి మీ నాయనలను ఏ ప్రశ్నా అడగొద్దండి. ఆ కూటితోనే మీరు చదువుకుంటాండారు. తెలిసిందా?"

గోడ బయట మేస్త్రి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకోవడం నాకు కనబడింది. ప్రెసిడెంటు వరండా మీదుగా కాకుండా, కిందికి దిగి మట్టిలోనే నడుచుకుంటూ గేటు దాటాడు. తర్వాత గంట మోగింది. పెద్దయ్యవారు ఎప్పటిలాగే క్లాసుకు పోయి, గడి గీసి, కొత్త మాట రాశారు.

ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. "మొదటి మాట చెప్పి ఆపి ఉంటే సరిపోయేది గదా సార్" అని ఇంటర్వల్‌లో దాదాపు అరిచాను. "మొదటి మాట ఒక్కటే చెప్పింటే అది అబద్ధమయ్యేదప్పా" అన్నారు ఆయన. నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి నాకు కూడా జుట్టు తెల్లబడింది.

పొడిగింపు రాలేదు. కమిటీలో ఎవరూ గట్టిగా కాదనలేదట, ఎవరూ గట్టిగా ఔననలేదట. ఆయనకు సభ పెట్టే ధైర్యం హెడ్మాస్టరుకు లేకపోయింది. ఆఖరిరోజు పెద్దయ్యవారు కోటు మడిచి చేతిమీద వేసుకుని, మామూలుగా నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. జూన్‌లో ఆ కుర్చీ నాదైంది. దాంట్లో కూర్చోవాలంటే నాకు మనసొప్పేది కాదు. చాలారోజులు నిలబడే పాఠాలు చెప్పాను. పిల్లలు నన్ను మంచి టీచరనుకున్నారు.

పెద్దయ్యవారు, ఆయన భార్య విడపనకల్లు పోలేదు. పోనివ్వలేదు. సామాను కట్టుకుంటున్న రోజున మేస్త్రి, మరి కొందరు క్వారీ మనుషులు వాళ్లింటికి వచ్చి, పక్కనే ఖాళీగా పడివున్న బండల కొట్టాన్ని శుభ్రం చేయించారు. సాయంత్రాలు తమ పిల్లలకు అక్కడ చదువు చెప్పమన్నారు. "మీరు పోతే మావోల్లు మళ్లీ బండలు కొట్టేకే వస్తారు సారూ" అన్నారట. ఇంటి అద్దె సంగతీ, తిండిగింజల సంగతీ వాళ్లలో వాళ్లే చూసుకున్నారు. లోపల ఆమె గోడ పట్టుకుని బావి దగ్గరికి పోతూ, వస్తూ, కొట్టంలో ఎంతమంది పిల్లలు ఉన్నారో గొంతులను బట్టి చెప్పేది. ఊళ్లో వ్యాపారం కూడా మునిగిపోలేదు. కొన్నాళ్లకు చాలామంది బండలను రెండు కుప్పలుగా వేసి, లక్క పెట్టినవి లక్క పెట్టినవిగా, మంచివి మంచివిగా అమ్మడం మొదలుపెట్టారు. కూలి రెండింటికీ ఒకటే.

వానాకాలమని క్యాలెండరు చెబుతున్నా చుక్క పడని ఒక సాయంత్రం, నేను పెద్దయ్యవారిని చూడటానికి కొట్టానికి వెళ్లాను. నేను కూర్చోబోతుండగా వీధిలో మోటారు కారు ఆగింది. ప్రెసిడెంటు దిగాడు. వెంట ఆయన చిన్నకొడుకు, ఆ ఏడు నా ఎస్సెల్సీ క్లాసులో కూర్చుంటున్న పిల్లవాడు. కొట్టంలో ఉన్న పిల్లలంతా లేచి నిలబడ్డారు.

"అయ్యవారూ, మా చిన్నోడు ఈ ఏడు పరీక్ష రాస్తాండాడు. ఇంగ్లీషులో శానా ఎనకబడినాడు. రేపట్నుంచి మీ దగ్గరికి పంపిస్తా" అన్నాడు ప్రెసిడెంటు, పాత సంగతి ఏదీ జరగనట్టు.

"బడిలో అయ్యవారు ఉండాడు గదా" అన్నారు పెద్దయ్యవారు.

ప్రెసిడెంటు అప్పుడే నన్ను చూశాడు. ఏమాత్రం తడుముకోలేదు. "ఉండాడు. ఆ కుర్చీలో ఏసింది నేనే గదా, నాకు తెల్దా? అందుకే ఈడికి వచ్చినా" అన్నాడు.

పెద్దయ్యవారు నా మొహం చూసి, నవ్వు దాచుకోవడానికి దగ్గారు. నాకు అవమానమైంది, నిజం. కానీ ఆయన చెప్పింది కాదనడానికి నా దగ్గర ఏ నిఘంటువూ లేదు.

"పంపించప్పా. ఈడ బెంచీలు ల్యావు, చాప తెచ్చుకోమను" అన్నారు పెద్దయ్యవారు.

మర్నాటి సాయంత్రం ఆ పిల్లవాడు చాప తెచ్చుకున్నాడు. కొంచెం పెద్ద చాపే. దాని అంచున నాకు కూడా చోటు దొరికింది.